మట్టి ఋణం

ఉద్దేశం

నేలకు దూరమైన పట్టణ జీవితంలో చాలామందికి మిగిలిన నేల పూలకుండీయే. ఆ కొద్దిపాటి మట్టిని ఏళ్ల తరబడి సారవంతంగా నిలుపుకొనే విధానాన్ని, అందులో పశువుల ఎరువుకూ వానపాముల ఎరువుకూ గల పాత్రను, వాటిని వాడవలసిన పరిమాణాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. మట్టి నుండి పొందినదాన్ని మట్టికి తిరిగి ఇవ్వడం బాధ్యత అనే భావాన్ని విద్యార్థులలో పెంపొందించడం కూడా దీని లక్ష్యం.

పాఠ్యభాగం

పట్టణాలలో మిద్దెల మీద, వసారాలలో కనిపించే పూలకుండీలలో ఒకే కథ ఏటేటా జరుగుతూ ఉంటుంది. తొలకరి చినుకులు పడగానే ఒక టమాటా నారునో, బంతి మొక్కనో తెస్తారు. ఒక సంచి ఎర్రమట్టి కొంటారు. మొదటి నెలలో మొక్క కళకళలాడుతుంది. రెండవ నెలలో పూత వస్తుంది. మూడవ నెల వచ్చేసరికి కింది ఆకులు పసుపు బారుతాయి, పిందె రాలిపోతుంది. పోసిన నీరు ఇంకక పైన నిలిచిపోతుంది, లేదా కుండీ గోడకూ గట్టిపడిన మట్టికీ మధ్య ఏర్పడిన సందులో నుండి జారిపోతుంది. తమ చేతి మీద మొక్క బ్రతకదని ఇంటివారు నిశ్చయించుకొంటారు. ఎండిన మొక్కతో పాటు మట్టి కూడా చెత్తబండి ఎక్కుతుంది. మరుసటి ఏడాది మరొక సంచి మట్టి వస్తుంది.

ఈ కథలో చేతి దోషం లేదు. మొక్క దోషమూ లేదు. మట్టి ఆకలిగొన్నది. ఆ ఆకలిని ఎవరూ గుర్తించలేదు. పైగా సంచిలో వచ్చిన ఆ మట్టి ఎక్కడో ఒక చేనిదో, ఒక గుట్ట వాలుదో పై పొర. ఒక అంగుళం మందం గల సారవంతమైన పొర ప్రకృతిలో ఏర్పడటానికి వందల సంవత్సరాలు పడుతుంది. అటువంటి మట్టిని ఒక్క కారు వాడి పారవేయడం మొక్కను పోగొట్టుకోవడం కంటే పెద్ద నష్టం. కుండీలోని మట్టిని పారవేయకుండా తిరిగి బ్రతికించడం సాధ్యమే. అయితే అందుకు ముందుగా ఆ మట్టి స్థితిని అర్థం చేసుకోవాలి.

పొలంలోని మొక్కకూ కుండీలోని మొక్కకూ జీవనాధారం మట్టే అయినా రెండింటి పరిస్థితి ఒకటి కాదు. పొలంలో ఆహారం ఒకచోట దొరకకపోతే వేరు మరొకచోటికి సాగిపోతుంది. రాలిన ఆకు అక్కడే చివికి మట్టిలో కలుస్తుంది. చీమలూ, పురుగులూ, వానపాములూ నేలను తొలుస్తూ గుల్లగా ఉంచుతాయి. ఎక్కువైన నీరు లోపలి పొరలలోకి దిగిపోతుంది. కుండీలో ఈ వసతులేవీ లేవు. 12 అంగుళాల కుండీలో పట్టే మట్టి సుమారు 15 నుండి 20 లీటర్లు మాత్రమే. ఆ మొక్కకు ప్రపంచమంతా అదే. వేరు ఎంత సాగినా గోడను తాకి వెనుదిరగవలసిందే. నీటిలో సులభంగా కరిగే నత్రజని, రోజూ పోసే నీటితో పాటు అడుగు రంధ్రం గుండా కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది. రాలిన ఆకును శుభ్రత పేరుతో ఊడ్చివేస్తారు. ఇలా కుండీ నుండి పోయేదే తప్ప దానికి వచ్చేది ఉండదు.

దీనికి తోడు మట్టి గట్టిపడటం మరొక సమస్య. ఎర్రమట్టిని మాత్రమే కుండీలో నింపితే నీటి దెబ్బకు దాని సన్నని రేణువులు అతుక్కొని ఇటుకలా తయారవుతాయి. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు బీటలు వారుతుంది. వేరుకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. గాలి ఆడని మట్టిలో వేరు కుళ్లిపోతుంది. కుండీ అడుగున పెంకు ముక్కలు మందంగా పరిస్తే నీరు త్వరగా పోతుందని చాలామంది భావిస్తారు. నిజానికి సన్నని రంధ్రాలు గల మట్టి నిండుగా తడిస్తే గాని కింద ఉన్న ముతక పొరకు నీటిని వదలదు. అందువల్ల పెంకుల పొర ఎంత మందంగా ఉంటే తడి నిలిచే భాగం వేళ్లకు అంత చేరువవుతుంది. రంధ్రం పూడిపోకుండా ఒక్క పెంకును బోర్లిస్తే చాలు. నీటికీ గాలికీ దారి అడుగున మాత్రమే కాక మట్టి అంతటా ఉండాలి. మట్టిని అలా గుల్లబరచే శక్తి చివికిన సేంద్రియ పదార్థానికి ఉంది. దానినే ఎరువు అంటారు.

తెలుగులో 'ఎరువు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పైరుకు బలాన్నిచ్చేది ఒకటి. తిరిగి ఇచ్చే నియమం మీద ఇతరుల నుండి తెచ్చుకొన్న వస్తువు రెండవది. పెళ్లికి వెళ్లడానికి ఇరుగింటి నగను ఎరువు తెచ్చుకొంటే, పని తీరగానే ఆ నగనే అప్పగించాలి. 'ఎరువుసొమ్ము బరువు చేటు' అనే సామెత ఈ అర్థంలో పుట్టినదే. మొక్క మట్టి నుండి తీసుకొన్న నత్రజని, భాస్వరం, పొటాష్ వంటివి కూడా ఒక విధంగా ఎరువుసొమ్మే. ఆకుగా, పువ్వుగా, కాయగా మనిషి వాటిని కోసుకొంటాడు. తీసుకొన్నదాన్ని మట్టికి తిరిగి ఇవ్వడానికే పైరుకు ఎరువు వేస్తాడు.

తెలుగు రైతులు ఈ సత్యాన్ని ఆచరణలో ఎరిగినవారే. వేసవిలో చెరువు అడుగున చేరిన ఒండ్రును బండ్లతో పొలాలకు తోలుకోవడం, కోతలైన చేలలో రాత్రివేళ గొర్రెల మందను నిలపడం, పెంటకుప్పను నెలల తరబడి మాగనిచ్చి దుక్కికి ముందు వెదజల్లడం వారికి తరతరాలుగా వచ్చిన అలవాట్లు. 2015లో తెలంగాణలో ఆరంభమైన మిషన్ కాకతీయలో భాగంగా చెరువుల నుండి తీసిన పూడికమట్టిని రైతులు తమ పొలాలకు తరలించుకొన్నారు. భారతీయ రైతుల ఇటువంటి అనుభవాన్ని శ్రద్ధగా పరిశీలించిన ఆంగ్ల శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్. ఆయన 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, పంట వ్యర్థాలనూ పశువుల పేడనూ పొరలుగా పేర్చి, తిరగవేస్తూ కంపోస్టు తయారుచేసే పద్ధతిని రూపొందించారు. అది 'ఇండోర్ పద్ధతి'గా ప్రసిద్ధి పొందింది. నేల నుండి తీసుకొన్నది నేలకే తిరిగి చేరాలని ఆయన తన రచనలలో ప్రబోధించారు.

పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం మాత్రమే ఉంటుంది. యూరియాలో అది 46 శాతం. అటువంటప్పుడు పశువుల ఎరువు వల్ల ప్రయోజనమేమిటి అనే సందేహం కలగడం సహజం. యూరియా మొక్కకు ఆహారం ఇస్తుంది. పశువుల ఎరువు మట్టికి ఆహారం ఇస్తుంది. చివికిన ఎరువులోని జీవపదార్థం మట్టి రేణువులను చిన్న చిన్న గుళికలుగా కూరుస్తుంది. గుళికల మధ్య గాలి ఆడుతుంది. గుళికల లోపల తేమ నిలుస్తుంది. నీటితో కొట్టుకుపోవలసిన పోషకాలలో కొన్నింటిని అది పట్టి ఉంచి, వేరు అడిగినప్పుడు అందిస్తుంది. కంటికి కనిపించని కోటానుకోట్ల సూక్ష్మజీవులకు అది నివాసం. కాబట్టి ఎరువు విలువను అందులోని నత్రజని శాతంతో మాత్రమే కొలవరాదు.

అయితే పశువుల ఎరువు బాగా చివికినదై ఉండటం అత్యవసరం. పచ్చిపేడ కుండీలో చేరితే అది అక్కడే కుళ్లుతూ వేడి పుట్టిస్తుంది. దాని నుండి వెలువడే అమోనియా లేత వేళ్లను మాడుస్తుంది. కలుపు గింజలూ, వేరుపురుగు గుడ్లూ దానితో పాటు వస్తాయి. ఆకుకూరల కుండీలో పచ్చిపేడ వేస్తే అందులోని రోగక్రిములు ఆకులకు అంటే ప్రమాదం కూడా ఉంది. పొలంలో కొంతవరకు సర్దుకుపోయే ఈ దోషాలు కుండీలోని ఇరుకు మట్టిలో మొక్క ప్రాణం మీదికి తెస్తాయి. కోళ్ల ఎరువు పేడకన్నా ఘాటైనది; దాన్ని మరింత కాలం మాగనివ్వాలి. పేడను నీడలో కుప్పగా పోసి, తేమ ఆరకుండా చూస్తూ, అప్పుడప్పుడు తిరగవేస్తూ ఉంటే నాలుగు నుండి ఆరు నెలలలో చివుకుతుంది. చివికిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. లోపల చేయి పెడితే వేడి తగలదు. ముక్కు దగ్గర పెట్టుకొంటే తొలకరికి తడిసిన నేల వాసన వస్తుంది. అనుమానం ఉంటే కొద్దిపాటి ఎరువును మట్టిలో కలిపి గుప్పెడు మెంతులు చల్లి చూడాలి. నాలుగైదు రోజులలో మొలకలు సమంగా వస్తే ఎరువు సిద్ధమైనట్లే.

చివికిన పేడను మరొక మెట్టు పైకి తీసుకుపోయే ప్రాణి వానపాము. తెలుగునాట కొన్నిచోట్ల దీన్ని 'ఎర్ర' అని కూడా వ్యవహరిస్తారు. చేపలకు గాలం వేసేవారికి మాత్రమే పనికివచ్చేదిగా చాలాకాలం భావించిన ఈ ప్రాణి ఘనతను లోకానికి చాటినవాడు చార్లెస్ డార్విన్. ఆయన 1837లోనే దీనిపై ఒక వ్యాసం సమర్పించి, నాలుగు దశాబ్దాలకు పైగా పరిశీలన సాగించి, 1881లో వానపాముల మీద ఒక గ్రంథమే ప్రకటించాడు. ఇంగ్లండులోని అనేక ప్రాంతాలలో ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల శరీరాల గుండా సాగి నేలపైకి వస్తుందని ఆయన లెక్కగట్టాడు. ఆ మరుసటి ఏడాదే డార్విన్ కన్నుమూశాడు. జీవపరిణామ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన మహాశాస్త్రవేత్త చివరి గ్రంథం వానపాము మీదిది కావడం గమనించదగిన విషయం.

వానపాముకు పళ్లు లేవు. అది మింగిన పదార్థం ఇసుక రేణువులతో కలిసి దాని కండర సంచిలో మెత్తగా నలుగుతుంది. పేగులోని సూక్ష్మజీవుల వల్ల జీర్ణమై, జిగురుతో చుట్టిన సన్నని గుళికలుగా బయటికి వస్తుంది. ఈ గుళికలే వర్మికంపోస్టు. పోషకాలు ఇందులో మొక్కకు సులభంగా అందే రూపంలో ఉంటాయి. అయితే పొలంలో లోతుగా బొరియలు చేసుకొనే వానపాములు ఈ పనికి తగవు. పైపైన చెత్తలో జీవించే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే, మన దేశపు పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ వంటి జాతులనే పెంచుతారు.

ఇంటిలో వీటిని పెంచడానికి అడుగున రంధ్రాలు గల ఒక తొట్టి, నీడ ఉంటే చాలు. కూరగాయల తొక్కలను, ఎండుటాకులను పేడతో కలిపి రెండు మూడు వారాలు మాగనిచ్చి, వేడి తగ్గిన తరువాతనే వానపాములను వదలాలి. ఉప్పు, నూనె, మాంసం గల వ్యర్థాలు, నిమ్మ, బత్తాయి తొక్కలు వేయరాదు. పైన తడి గోనె కప్పాలి. చేతిలోకి తీసుకొని పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ ఉండాలి. తెలుగు ప్రాంతాలలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి వానపాములు నిలవలేవు కనుక ఆ రోజులలో తొట్టిని చల్లని చోటికి మార్చాలి. 45 నుండి 60 రోజులలో ఎరువు తయారవుతుంది. అప్పుడు నీరు చల్లడం ఆపి, ఎరువును వెలుతురులో కుప్పగా పోస్తే వానపాములు అడుగుకు చేరుకొంటాయి. పై భాగాన్ని తీసి జల్లించి నీడలో నిలువ చేసుకోవాలి. కొని తెచ్చుకొనేవారు కూడా నాణ్యతను పరిశీలించాలి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006లో చేర్చిన ప్రమాణాల ప్రకారం వర్మికంపోస్టు ముదురు గోధుమ లేదా నలుపు రంగులో, దుర్వాసన లేకుండా, 15 నుండి 25 శాతం తేమతో ఉండాలి.

ఇంత మంచి ఎరువు కనుక కుండీ నిండా దానినే నింపితే మొక్క ఇంకా బాగా పెరగదా అనిపించవచ్చు. సాధారణంగా జరిగే పొరపాటు ఇదే. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ ఎడ్వర్డ్స్ బృందం 2000 ప్రాంతంలో కుండీ మొక్కలపై ప్రయోగాలు చేసింది. కుండీ మిశ్రమంలో వర్మికంపోస్టు తక్కువ పాళ్లలో, ముఖ్యంగా 10 నుండి 20 శాతం వరకు ఉన్నప్పుడు మొక్కలు బాగా పెరిగాయి. పాలు మరీ ఎక్కువైనప్పుడు ఆ మేలు తగ్గిపోయింది. దీనికి కారణాలు స్పష్టమే. ఎరువుతో పాటు లవణాలూ పెరుగుతాయి. లవణాలు ఎక్కువైతే వేరు నీటిని పీల్చలేదు. మెత్తని ఎరువు నీటిని అతిగా పట్టి ఉంచి గాలిని అడ్డగిస్తుంది. పైగా సేంద్రియ పదార్థం చివుకుతున్నకొద్దీ కుంగుతుంది. నిండా నింపిన కుండీ కొన్ని నెలలకే సగమవుతుంది. అన్నంలో ఉప్పు ఎంత అవసరమైనా ఉప్పే అన్నం కాదు.

కాబట్టి కొత్త కుండీకి ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, వర్మికంపోస్టు అర పాలు చొప్పున కలపడం మంచి పద్ధతి. ఈ పాళ్లను తూకంతో కాక ఒకే గిన్నెతో కొలవాలి. కొబ్బరిపొట్టును ముందుగా మంచినీటిలో నానబెట్టి పిండితే అందులోని ఉప్పు పోతుంది. అది దొరకనిచోట ముతక ఏటి ఇసుక వాడవచ్చు. సముద్రపు ఇసుక పనికిరాదు. నల్లరేగడి అయితే మట్టిని తగ్గించి, కొబ్బరిపొట్టునో ఇసుకనో పెంచాలి. గుప్పెడు వేపపిండి కలిపితే కొంత పోషకమూ లభిస్తుంది, వేరుపురుగుల బాధా తగ్గుతుంది. మిశ్రమాన్ని కొద్దిగా తడిపి పది రోజులు నీడలో ఉంచిన తరువాత మొక్క నాటాలి. కుండీ అంచు వరకు నింపక, నీటికోసం ఒకటిన్నర అంగుళం వదలాలి.

ఇక అసలు విషయం పాత మట్టిని బ్రతికించడం. కాపు ముగిసిన కుండీని బోర్లించి, మట్టిగడ్డలను చిదిపి, లావు వేళ్లను ఏరివేయాలి. తెగులు సోకిన మొక్క పెరిగిన మట్టి అయితే దానిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం కప్పి, వేసవి ఎండలో నాలుగు నుండి ఆరు వారాలు ఉంచాలి. ఆ వేడికి అనేక రోగక్రిములూ, పురుగు గుడ్లూ, కలుపు గింజలూ నశిస్తాయి. తరువాత నాలుగు పాళ్ల పాత మట్టికి ఒక పాలు చివికిన పశువుల ఎరువు, అర పాలు వర్మికంపోస్టు కలిపితే మట్టి తిరిగి కొత్త కాపుకు సిద్ధమవుతుంది. మల్లె, కరివేపాకు, మందార వంటి బహువార్షిక మొక్కలను కదిలించనవసరం లేదు. రెండు మూడు నెలలకొకసారి పైనున్న మట్టిని వేళ్లు తెగకుండా ఒక అంగుళం మేర తొలగించి, ఆ స్థానంలో ఎరువు కలిపిన మట్టి వేసి నీరు పోయాలి. మట్టి పైన తెల్లని పొర కనిపిస్తే అది చాలాచోట్ల లవణాలు పేరుకొన్నాయనడానికి గుర్తు. అప్పుడు ఎరువు ఆపి, అడుగు రంధ్రం నుండి ధారాళంగా కారేవరకు మంచినీరు పోయాలి.

ఈ పద్ధతిని పాటించిన ఇంటిలో రెండు మార్పులు కనిపిస్తాయి. మొదటిది చెత్తబుట్టలో కనిపిస్తుంది. కూరగాయల తొక్కలు ఊరి చివర గుట్టలుగా కుళ్లడానికి పోకుండా తొట్టిలో ఎరువవుతాయి. తడి, పొడి చెత్తలను ఇంటిలోనే వేరుచేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు నిర్దేశించిన దానికి ఇంతకంటే సార్థకమైన ఆచరణ లేదు. రెండవది కుండీలో కనిపిస్తుంది. ఎర్రగా, గట్టిగా ఉన్న మట్టి మూడవ ఏటికి నల్లబడి, వేలితో గుచ్చితే దిగేంత గుల్లబారుతుంది. ఆ ఏడాది తొలకరికి ఆ ఇంటివారు నారు మాత్రమే కొంటారు, మట్టి కొనరు. ఎక్కడో ఒక చేని పై పొర ఆ మేరకు చేనిలోనే నిలిచి ఉంటుంది.

భూమి అప్పు పత్రం వ్రాయించుకోదు, గడువు చెప్పదు, గుమ్మం ముందు నిలిచి అడగదు. ఆకు పసుపు బారడం, పిందె రాలడం దానికి తెలిసిన భాష. ఆ భాషను అర్థం చేసుకొని, తీసుకొన్నదాన్ని మితంగా, క్రమంగా తిరిగి ఇచ్చేవారి ఇంట ఒక్క కుండీ అయినా పచ్చగా ఉంటుంది. మట్టి ఋణం తీర్చుకోవడానికి ఎకరాల పొలం ఉండనవసరం లేదు.

కఠిన పదాలకు అర్థాలు

తొలకరి = వర్షాకాలపు మొదటి వానలు
ఒండ్రు = నీటి ప్రవాహం తెచ్చి చేర్చిన మెత్తని మట్టి
చివుకు = కుళ్లి మెత్తబడి పొడిగా మారు
దుక్కి = నేలను దున్నడం
లవణం = ఉప్పు
బహువార్షిక మొక్క = అనేక సంవత్సరాలు జీవించే మొక్క
మితం = తగిన పరిమాణం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. పొలంలోని మొక్కకూ కుండీలోని మొక్కకూ గల భేదాలను వివరించి, కుండీ మట్టికి ఎరువు ఎందుకు అవసరమో తెలపండి.
2. వానపాముల ఎరువు తయారీ విధానాన్ని, దాని వాడకంలో పాటించవలసిన మితాన్ని వివరించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. 'ఎరువు' అనే పదానికి గల రెండు అర్థాలను పాఠ్యభాగం ఆధారంగా సమన్వయించండి.
2. చివికిన పశువుల ఎరువును గుర్తించడం ఎలా?
3. పాత మట్టిని పారవేయడం నష్టమని ఎందుకు చెప్పవచ్చు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. డార్విన్ వానపాములపై గ్రంథాన్ని ఏ సంవత్సరంలో ప్రకటించాడు?
2. 'ఇండోర్ పద్ధతి'ని రూపొందించిన శాస్త్రవేత్త ఎవరు?

సంధులు

జీవనాధారం = జీవన + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ప్రయోజనమేమిటి = ప్రయోజనము + ఏమిటి – ఉకార సంధి